అక్వేరియంకి సంప్, ఓవర్‌ఫ్లో పైపులు పెట్టుకోవడం: 4×2×2 ట్యాంక్ లెక్కలతో మొత్తం పద్ధతి

నాలుగడుగుల ట్యాంక్‌లో రెండు ఆస్కార్ చేపలు వేశాక హ్యాంగ్-ఆన్ ఫిల్టర్లు, మూలన నీళ్ళల్లో పెట్టే పవర్ ఫిల్టర్లు ఎన్ని మార్చినా సరిపోవు. ఆ చేపలు తినేదెంతో వదిలేదీ అంతే, నాలుగు రోజులకే స్పాంజ్ నిండా బురద పేరుకుని ఫిల్టర్ నోట్లోంచి నీళ్ళు సన్నగా కారడం మొదలవుద్ది, పైన నూనె పొర లాంటిది కడుద్ది, కడగడానికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ చేపలు బెదిరి గాజుకి కొట్టుకుంటాయి. సంప్ పెడితే ఈ పనంతా కింద స్టాండ్ లోపలికి వెళ్ళిపోద్ది, చేపల్ని కదిలించే పనే ఉండదు.

సంప్ అంటే ట్యాంక్ కింద పెట్టే ఇంకో చిన్న గాజు ట్యాంక్, అంతే. మన ఇళ్ళల్లో కింద సంపు, పైన ఓవర్‌హెడ్ ట్యాంక్, మధ్యలో మోటార్ ఎలా ఉంటాయో ఇదీ అలాగే, కాకపోతే ఇక్కడ మోటార్ 24 గంటలూ తిరుగుతూనే ఉంటది, పైన నిండి పొర్లిన నీళ్ళు అదే వేగంతో కిందకి దిగుతూనే ఉంటాయి. మొత్తం నీళ్ళు పెరుగుతాయి, హీటర్ కనపడకుండా కింద దాచుకోవచ్చు, పై ట్యాంక్‌లో లెవెల్ ఎప్పుడూ ఒకే చోట ఉంటది, పైన పేరుకునే పొర పొర్లే నీళ్ళతో పాటే వెళ్ళిపోద్ది, మీడియా (బ్యాక్టీరియాకి చోటిచ్చే రింగులు, రాళ్ళు లాంటివి) బకెట్ల కొద్దీ వేసుకోవచ్చు.

చాలామంది సంప్ అనగానే ఏ మీడియా వెయ్యాలి అని మొదలుపెడతారు. అది ఆఖరి పని, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ముందు తేల్చుకోవాల్సినవి రెండే రెండు ప్రశ్నలు. కరెంట్ పోతే పైనుంచి ఎన్ని లీటర్లు కిందకి దిగుతాయి, అవి సంప్‌లో పడతాయా? దిగే పైపు మూసుకుపోతే మోటార్ ఎన్ని లీటర్లు పైకి తోస్తుంది, అవి ట్యాంక్‌లో పడతాయా? ఈ రెండిటికీ లీటర్లలో జవాబు చెప్పగలిగాకే సిలికాన్ ట్యూబ్ విప్పండి. బెజ్జం ఎక్కడ కొట్టాలి, రిటర్న్ పైపు (మోటార్ నుంచి నీళ్ళు తిరిగి ట్యాంక్‌లోకి ఎక్కే పైపు) ఎంత లోతుగా ఉండాలి, సంప్ ఎంత పెద్దది కావాలి అన్నీ ఈ రెండు జవాబుల్లోంచే వస్తాయి. ఫ్లాట్‌లో ఉండేవాళ్ళైతే కింద ఫ్లోర్ వాళ్ళ సీలింగ్ కూడా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంది.

ముందు కొలతలు

నేను 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంక్ తీసుకుని చెప్తాను. సెంటీమీటర్లలో 122×61×61, నిండా అయితే 450 లీటర్ల పైన. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన నంబర్ ఒకటి ఉంది: ఈ ట్యాంక్‌లో ఒక్క సెంటీమీటర్ ఎత్తు నీళ్ళంటే 7.4 లీటర్లు. మీ ట్యాంక్ వేరే సైజు అయితే పొడవు ఇంటూ వెడల్పు సెంటీమీటర్లలో వేసి 1000తో భాగించండి, మీ నంబర్ వచ్చేస్తుంది. కింద చెప్పే ప్రతి లెక్కలో ఇదే వాడతాం.

బరువు సంగతి కూడా ఒక్క మాట. 12 ఎంఎం గాజు చదరపు మీటర్‌కి 30 కేజీలు, అంటే ఖాళీ ట్యాంకే 90 కేజీల దాకా ఉంటది, నీళ్ళు, సంప్, రాళ్ళు, స్టాండ్ అన్నీ కలిపితే 650 నుంచి 700 కేజీలు. స్టాండ్ ఇనుప చతురస్రపు పైపుతో గట్టిగా చేయించండి, గది మధ్యలో కాకుండా బీమ్ ఉన్న గోడ వైపు పెట్టండి. స్టాండ్ చేయించేటప్పుడే సంప్ లోపలికి దూరేంత ఖాళీ ముందు వైపు వదలమని చెప్పండి, సంప్ పైన కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి, లేకపోతే ఫిల్టర్ సాక్ (చెత్త పట్టే సంచి) పైకి తియ్యడానికి కూడా చెయ్యి ఆడదు.

సంప్‌కి 36 ఇంచుల పొడవు, 15 వెడల్పు, 16 ఎత్తు బాగా సరిపోద్ది. అంటే 91×38×40 సెంటీమీటర్లు, ఒక సెంటీమీటర్‌కి దాదాపు 3.5 లీటర్లు. స్టాండ్‌లో ఇంకా పెద్దది పడితే పెద్దదే పెట్టండి, సంప్ పెద్దదైతే నష్టం ఏమీ లేదు.

బెజ్జం కొట్టాలా, తగిలించే బాక్స్ పెట్టాలా

ఇప్పటికే నీళ్ళు నింపి నడుస్తున్న ట్యాంక్‌కి అంచు మీద తగిలించే ఓవర్‌ఫ్లో బాక్సులు దొరుకుతాయి, యూ ఆకారం పైపుతో సైఫన్ (పైపు నిండా నీళ్ళుంటే అవి వాటంతట అవే కిందకి లాగడం) మీద పనిచేస్తాయి. పీవీసీ ఎల్బోలతో ఇంట్లోనే చేసుకునేవాళ్ళూ ఉన్నారు. నేను వద్దనే చెప్తాను. ఆ యూ పైపులో మెల్లగా గాలి బుడగలు చేరతాయి, ఒక రోజు సైఫన్ తెగిపోద్ది, మోటార్‌కి ఆ సంగతి తెలీదు కదా, అది పైకి తోస్తూనే ఉంటది. మన దగ్గర ఎండాకాలంలో కరెంట్ రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో తెలిసిందే, అలా పోయి వచ్చిన ప్రతిసారీ సైఫన్ మళ్ళీ పట్టుకోవాలి. బెజ్జం కొట్టిన ట్యాంక్‌లో ఈ భయం లేదు, నీళ్ళు అంచు దాటితే దిగాల్సిందే.

కొత్త ట్యాంక్ కట్టిస్తుంటే పని చాలా తేలిక, గాజు అతికించక ముందే వెనక గాజుకి బెజ్జాలు కొట్టించమని ట్యాంక్ కట్టేవాళ్ళకి కొలతలు రాసి ఇవ్వండి. ఎక్కువమంది అలవాటుగా మూలన నిలువు గది కట్టి అడుగు గాజుకి కొడతారు. అదీ పనిచేస్తుంది గానీ నేను వెనక గాజు పై భాగంలోనే కొట్టించమంటాను, ఎప్పుడైనా కనెక్టర్ (పైపు తగిలించడానికి బెజ్జంలో బిగించే ముక్క) దగ్గర లీకైతే ఆ బెజ్జం లెవెల్ దాకానే నీళ్ళు పోతాయి, పైగా లోపల మూలన పెద్ద గది చోటు తినదు. దీనికి ట్యాంక్ వెనక గోడకి 15 సెంటీమీటర్ల దాకా ఖాళీ కావాలి, ఆ చోటు లేకపోతే మూల గదే గతి.

ఓవర్‌ఫ్లో బాక్స్

ట్యాంక్ లోపల వెనక గాజుకి అతికించే చిన్న గాజు పెట్టె ఇది. పొడవు 40 సెంటీమీటర్లు, లోపలి వెడల్పు 11, లోతు 18. దీని పై అంచు ట్యాంక్ పై అంచు కన్నా 5 సెంటీమీటర్లు కిందకి ఉండాలి. నీళ్ళు ఈ అంచు మీదుగానే పొర్లి పెట్టెలో పడతాయి.

అంచు పొడవు ఎందుకు ముఖ్యమంటే, గంటకి 3000 లీటర్లు పోతున్నప్పుడు 40 సెంటీమీటర్ల అంచు మీద నీళ్ళు ఒక సెంటీమీటర్ పైచిలుకు మందంతో పొర్లుతాయి. అదే 15 సెంటీమీటర్ల చిన్న అంచు అయితే రెండు సెంటీమీటర్లు దాటిపోద్ది, అంటే కరెంట్ పోయినప్పుడు కిందకి దిగే నీళ్ళు కూడా ఆ మేరకి పెరుగుతాయి. పైగా పలచగా పొర్లితేనే పైన పేరుకున్న పొర బాగా లాగుద్ది. చిన్న చేపలు ఉంటే దువ్వెన పళ్ళలాంటి ప్లాస్టిక్ జాలీ పెట్టుకోండి, ఆ పళ్ళు సగం దారి మూసేస్తాయి కాబట్టి లెవెల్ ఇంకో అర సెంటీమీటర్ పైకి లేస్తుంది, లెక్కలో కలుపుకోండి. ఆస్కార్ల లాంటి పెద్ద చేపలకి ఉత్త అంచే చాలు. బోర్ నీళ్ళు వాడేవాళ్ళకి ఈ అంచు మీద తెల్లగా సున్నం కడుద్ది, పాత బ్లేడుతో నెలకోసారి గీకేస్తే పోద్ది.

పెట్టె అతికించడానికి 100 శాతం సిలికాన్, యాంటీ ఫంగస్ అని రాసి లేనిది తీసుకోండి. బాత్రూమ్‌ల కోసం అమ్మే వాటిలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకి మంచిది కాదు. అతికించాక వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం ఆగి నీళ్ళు పొయ్యండి.

పైపులు కొనేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూడండి

ఇక్కడే ఎక్కువమంది డబ్బులు, టైము రెండూ పోగొట్టుకుంటారు. షాపులో "ఒక ఇంచ్ పైపు" అని అడిగితే మూడు రకాలు ఇవ్వొచ్చు. తెల్ల యూపీవీసీ ఒక ఇంచ్ పైపు బయటి వ్యాసం 33.4 ఎంఎం. వేడి నీళ్ళకి వాడే లేత పసుపు సీపీవీసీ ఒక ఇంచ్ పైపు 28.6 ఎంఎం. పొలాల్లో వాడే బూడిద రంగు పీవీసీ పైపు 32 ఎంఎం. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని ఎల్బో ఇంకోదానికి పట్టదు, కొన్ని పట్టినట్టే పట్టి వదులుగా ఉంటాయి, అది ఇంకా ప్రమాదం. మొత్తం పని యూపీవీసీలోనే చెయ్యండి, పైపు, ఎల్బో, యూనియన్ (విప్పి మళ్ళీ బిగించుకునే జాయింట్), ట్యాంక్ కనెక్టర్ అన్నీ ఒకే షాపులో ఒకే కంపెనీవి కొని, అక్కడే ఒకదాంట్లో ఒకటి దూర్చి చూసుకోండి. అతికించే సొల్యూషన్ కూడా యూపీవీసీ అని రాసి ఉన్నదే తీసుకోండి, సీపీవీసీది వేరు. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లోనో కోఠి దగ్గర ట్రూప్ బజార్‌లోనో ఒక్క తిరుగుడులో అన్నీ దొరికేస్తాయి.

మన సెటప్‌కి కావాల్సింది: మెయిన్ డ్రెయిన్‌కి (మామూలుగా నీళ్ళు దిగే పైపు) ఒక ఇంచ్ పైపు, ఎమర్జెన్సీ డ్రెయిన్‌కి (మెయిన్ మూసుకుంటే ఆదుకునేది) ఒకటింపావు ఇంచ్, రిటర్న్‌కి ముప్పావు ఇంచ్ లేదా ఒక ఇంచ్. ఆ రెండు డ్రెయిన్ సైజుల్లో ఒక్కో ట్యాంక్ కనెక్టర్, ఎల్బోలు, కనీసం మూడు యూనియన్లు, మెయిన్ డ్రెయిన్‌కి ఒక గేట్ వాల్వ్. గేట్ వాల్వ్ అడిగితే చాలా షాపుల్లో ఇత్తడిది చేతిలో పెడతారు. ఇత్తడిలో రాగి ఉంటది, రొయ్యలకి, సముద్రపు జీవాలకి రాగి విషం, మంచినీళ్ళ చేపలకి కూడా ఎప్పుడూ నీళ్ళల్లో నానుతూ ఉండేది ఎందుకు, ప్లాస్టిక్‌దే వెతికి తీసుకోండి, ఆన్‌లైన్‌లో దొరుకుద్ది. బాల్ వాల్వ్‌తో సరిపెట్టుకోవచ్చు గానీ అది పావు తిప్పుకే మొత్తం తెరుచుకుంటది కాబట్టి సన్నగా సర్దడం చాలా కష్టం.

గాజుకి బెజ్జం

కనెక్టర్ కొన్నాకే బెజ్జం సైజు తేల్చండి. దాని మర ఉన్న భాగం బయటి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, దానికన్నా ఒకటి రెండు ఎంఎం ఎక్కువ ఉన్న డైమండ్ హోల్ సా (గుండ్రంగా కోసే డ్రిల్ బిట్) తీసుకోండి. బెజ్జం అంచు నుంచి గాజు అంచుకి, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య కనీసం బెజ్జం వెడల్పంత గాజు మిగలాలి. మన పెట్టె అంచు నుంచి 8 సెంటీమీటర్లు కిందకి రెండు బెజ్జాల మధ్య బిందువులు గుర్తుపెట్టుకుంటే అన్నీ సరిపోతాయి.

టఫెన్డ్ గాజుకి బెజ్జం కొట్టకూడదు, డ్రిల్ లోపలికి దిగగానే మొత్తం పలక ముక్కలు ముక్కలైపోద్ది. అనుమానం ఉంటే ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి గాజు వెనక ఉంచి, పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని చూడండి. నల్లటి మచ్చలో చారలో కనిపిస్తే టఫెన్డ్. ఏమీ లేకుండా ఒకేలా కనిపిస్తే మామూలు గాజు.

కొట్టే పద్ధతి. గాజు వెనక వైపు బెజ్జం వచ్చేచోట వెడల్పు టేపు నాలుగైదు పొరలు అంటించండి, ఆఖర్లో పెచ్చులు లేవకుండా కాపాడుద్ది. ముందు వైపు పిల్లలు ఆడుకునే క్లేతో గుండ్రంగా కట్ట కట్టి అందులో నీళ్ళు పొయ్యండి, గాజు నిలువుగా ఉంటే ఒకరు బాటిల్‌తో సన్నగా నీళ్ళు పోస్తూ ఉండాలి. డ్రిల్ హామర్ మోడ్‌లో లేదని చూసుకోండి, స్పీడ్ బాగా తక్కువ పెట్టండి. హోల్ సా మొదట కొంచెం వాల్చి గాజు మీద చంద్రవంక లాంటి గీత పడనివ్వండి, అది పడ్డాక మెల్లగా నిటారుగా తీసుకురండి, గుండ్రటి గాడి పడిపోద్ది, ఇంక జారదు. ఆ తర్వాత డ్రిల్ బరువు తప్ప మీ చేతి బరువు వెయ్యొద్దు. తెల్లటి గాజు పొడి పాలలా నీళ్ళల్లో కలుస్తూ వస్తుంది, అరనిమిషానికోసారి ఆపి, పైకి తీసి, నీళ్ళు మార్చండి. పది నిమిషాలు పడితే పట్టనివ్వండి. చివరి రెండు ఎంఎం దగ్గర శబ్దం మారుద్ది, గరగర తగ్గి బోలుగా వినిపిస్తుంది, అప్పుడు ఒత్తిడి ఇంకా తగ్గించాలి. అయ్యాక అంచుల్ని తడి ఎమరీ పేపర్‌తో రుద్దండి. కళ్ళకి అద్దాలు తప్పనిసరి. చెయ్యలేమనుకుంటే ట్యాంక్ కట్టకముందు గాజు షాపులోనే కొట్టించుకోండి, వాళ్ళకిది రోజూ చేసే పని.

కనెక్టర్ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ నీళ్ళున్న వైపు, అంటే పెట్టె లోపల వైపు ఉండాలి. చేత్తో బిగిసినంత బిగించి ఇంకో పావు తిప్పు చాలు. రెంచ్‌తో బలంగా తిప్పితే గాజు పగులుద్ది. వాషర్ బాగుంటే సిలికాన్ పుయ్యక్కర్లేదు, పూస్తే రేపు విప్పడం కష్టం.

రెండు డ్రెయిన్లు, రెండు పనులు

ఒకే పైపుతో చేసే డర్సో పద్ధతి ఉంది, పైపు లోపల గాలి, నీళ్ళు కలిసి దిగుతాయి, ఒక ఇంచ్ పైపు ఆ పద్ధతిలో గంటకి 2000 లీటర్ల చుట్టుపక్కల మోస్తుంది, గడగడమని చప్పుడు చేస్తుంది, ఆ ఒక్క పైపూ మూసుకుంటే అంతే సంగతులు. మూడు పైపుల బీన్ యానిమల్ పద్ధతి అన్నిటికన్నా భద్రం, పెద్ద ట్యాంకులకి అదే మంచిది. మన సైజుకి మధ్యలో ఉన్న హెర్బీ పద్ధతి సరిగ్గా సరిపోద్ది.

హెర్బీలో మొదటి పైపు పూర్తిగా నీళ్ళతో నిండి, గాలి లేకుండా సైఫన్‌లా దిగుద్ది. అందుకే చప్పుడు ఉండదు. పెట్టె లోపల ఈ కనెక్టర్‌కి ఎల్బో పెట్టి నోరు కిందకి తిప్పండి, నోరు పెట్టె అంచు కన్నా 12 సెంటీమీటర్ల లోతులో ఉంటది, గాలి లాగదు. రెండో కనెక్టర్‌కి ఎల్బో నోరు పైకి తిప్పి, చిన్న పైపు ముక్క తగిలించి, అంచుకన్నా రెండున్నర సెంటీమీటర్లు కిందకి వచ్చేలా కొయ్యండి. ఇది ఎమర్జెన్సీ. మామూలప్పుడు ఇందులోంచి సన్నటి ధార మాత్రమే దిగాలి. మెయిన్ పైపులో ఆకో, నత్తో ఇరుక్కుంటే పెట్టెలో నీళ్ళు లేచి మొత్తం దీంట్లోంచి పోవాలి. అందుకే ఇది ఒక సైజు పెద్దది. దీనికి వాల్వ్ ఎప్పుడూ పెట్టకండి, జాలీ కూడా పెట్టకండి.

గాజు బయట రెండిటికీ ఎల్బో పెట్టి నిటారుగా కిందకి దింపండి. మెయిన్ పైపుకి గేట్ వాల్వ్ సంప్‌కి దగ్గరగా, చెయ్యి అందే ఎత్తులో పెట్టండి, దాని పైన ఒక యూనియన్. మెయిన్ పైపు చివర సంప్ నీళ్ళల్లో ఒక ఇంచ్ మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే మోటార్ మొదలైనప్పుడు పైపులో ఉన్న గాలి బయటికి పోలేక సైఫన్ పట్టుకోదు, నీళ్ళు ఎమర్జెన్సీ వైపు ఎక్కేస్తాయి, కరెంట్ వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. ఎమర్జెన్సీ చివర మాత్రం నీళ్ళ పైన ఆగిపోవాలి. అందులోంచి ఎక్కువ నీళ్ళు పడితే దబదబమని శబ్దం వస్తుంది, రాత్రి పడుకున్నా వినిపిస్తుంది, అదే మనకి అలారం.

సొల్యూషన్ వెయ్యకముందు అన్నీ ఉత్తినే దూర్చి, మార్కర్‌తో ఎల్బో, పైపు మీద కలిపి ఒక గీత గియ్యండి. అతికించేటప్పుడు ఆ గీతలు కలిస్తే చాలు, వంకర పోదు. పెట్టె లోపలి ఎల్బోలు అతికించకండి, బిగుతుగా దూర్చి వదిలేయండి, కడగడానికి ఊడొస్తాయి.

రిటర్న్ పైపు లోతే అసలు ప్రమాదం

మోటార్ ఆగగానే రిటర్న్ పైపు తిరగబడి సైఫన్ అవుద్ది, దాని నోరు ఎంత లోతులో ఉందో అంతదాకా ట్యాంక్ నీళ్ళు కిందకి లాగేస్తుంది. నోరు నీళ్ళ మట్టానికి రెండు సెంటీమీటర్ల లోతులో ఉంటే 2 ఇంటూ 7.4, అంటే 15 లీటర్లు దిగి ఆగిపోద్ది. అదే పైపు 15 సెంటీమీటర్ల లోతుకి ముంచారనుకోండి, 111 లీటర్లు. మన సంప్ నిండా కట్టినా 140 లీటర్లే, అందులో అప్పటికే 80 లీటర్ల దాకా ఉన్నాయి. మిగతావి ఎక్కడికి పోతాయో వేరే చెప్పక్కర్లేదు.

నోరు లోతుగానే కావాలంటే పైపుకి నీళ్ళ మట్టానికి ఒక సెంటీమీటర్ కింద 5 ఎంఎం బెజ్జం పెడతారు, మట్టం అక్కడికి దిగగానే గాలి లాగి సైఫన్ తెగుద్ది. పెట్టుకోండి, కానీ లెక్క మాత్రం అది మూసుకుపోయిందనుకునే వెయ్యండి, ఎందుకంటే వెలుతురు తగిలేచోట పాచి పట్టి నిజంగానే మూసుకుపోద్ది. ఎన్ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) పెడితే చాలదా అని అడుగుతారు. ఒక చిన్న నత్త గుల్లో ఇసుక రేణువో అడ్డం పడితే అది పూర్తిగా మూసుకోదు, దాన్ని నమ్ముకుని సంప్ సైజు తగ్గించడం వద్దు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి జవాబు. ట్యాంక్‌లోంచి 15 లీటర్లు, ఓవర్‌ఫ్లో పెట్టెలోంచి 4, పైపుల్లోంచి ఒకటి రెండు, మొత్తం 21 లీటర్లు.

సంప్ లోపల గదులు

మూడు అడ్డుగాజులు చాలు, 6 ఎంఎం గాజు, అదే సిలికాన్. అక్రిలిక్ పలకకి సిలికాన్ సరిగ్గా పట్టదు, గాజే వాడండి. ఎడమ నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర మొదటి గాజు, ఎత్తు 27, దీని మీదుగా నీళ్ళు పొర్లాలి. ఈ మొదటి గదిలో డ్రెయిన్ పైపులు, 200 మైక్రాన్ ఫిల్టర్ సాక్. తర్వాత 33 సెంటీమీటర్ల మీడియా గది. దాని చివర రెండో గాజు, ఇది అడుగు నుంచి 4 సెంటీమీటర్లు పైకి లేచి ఉండాలి, దాని పై అంచు 32 సెంటీమీటర్ల దగ్గర, నీళ్ళు దీని కింద నుంచి పోతాయి. ఇంకో 4 సెంటీమీటర్ల సందు వదిలి మూడో గాజు, ఎత్తు 23, దీని మీదుగా పొర్లి మోటార్ గదిలో పడతాయి. ఈ కిందకి వెళ్ళి పైకి రావడంలోనే బుడగలు విడిపోతాయి, లేకపోతే మోటార్ వాటిని లాగి పై ట్యాంక్ అంతా సోడా నీళ్ళలా చేసేస్తుంది. రెండో గాజు సంప్ అంచు దాకా కట్టకుండా 32 దగ్గర ఆపింది ఎందుకంటే, మీడియా మొత్తం బురదతో మూసుకుపోయినా నీళ్ళు దాని మీదుగా మోటార్ గదిలోకి దూకాలి గానీ సంప్ బయటికి పోకూడదు.

మోటార్ గది 29 సెంటీమీటర్లు. మామూలప్పుడు అక్కడ నీళ్ళు 18 సెంటీమీటర్ల దగ్గర ఉంచండి. కరెంట్ పోయి ఆ 21 లీటర్లు దిగితే ముందు ఈ గది నిండి, తర్వాత అన్నీ ఒకటై, దాదాపు 29 సెంటీమీటర్ల దగ్గర ఆగుతాయి. సంప్ ఎత్తు 40, ఇంకా 11 సెంటీమీటర్లు మిగిలింది.

రెండో ప్రశ్న. డ్రెయిన్లు రెండూ మూసుకున్నాయి అనుకుందాం. మోటార్ తన గదిలో 18 నుంచి 8 సెంటీమీటర్ల దాకా లాగి, గాలి లాగి ఆగిపోద్ది. అది 11 లీటర్లు. పైన ఒకటిన్నర సెంటీమీటర్ లేస్తుంది. పెట్టె అంచు 5 సెంటీమీటర్లు కిందకి పెట్టాం, పొర్లే మందం ఒక సెంటీమీటర్ పోగా నాలుగు మిగిలింది, కాబట్టి చుక్క కూడా బయట పడదు. మోటార్ గది చిన్నదిగా ఉండటంలో లాభం ఇదే, దాన్ని అనవసరంగా పెద్దది చెయ్యకండి.

మోటార్

డబ్బా మీద రాసిన లీటర్లు జీరో ఎత్తులో వచ్చేవి. మనకి సంప్ నీళ్ళ నుంచి ట్యాంక్ పై అంచుకి 1.1 మీటర్ల పైన, ఎల్బోలకి కొంత కలిపితే 1.5 మీటర్లు వేసుకోండి. హెచ్-మ్యాక్స్ (మోటార్ నీళ్ళు ఎక్కించగల గరిష్ఠ ఎత్తు) 3 మీటర్లని రాసిన 5000 లీటర్ల మోటార్ ఆ ఎత్తులో సగమే ఇస్తుంది, 2500 అనుకోండి. ఆస్కార్లకి గంటకి ట్యాంక్‌కి ఆరు రెట్లు అంటే అదే మనకి కావాల్సింది. తర్వాత కొలుచుకోవాలంటే రిటర్న్ నోటి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి టైమ్ చూడండి, 25 సెకన్లలో నిండితే గంటకి 2880 లీటర్లు.

కరెంట్ బిల్లు కూడా చూసుకోండి. 60 వాట్ల మోటార్ నెలంతా తిరిగితే 43 యూనిట్లు, 30 వాట్ల డీసీ మోటార్ అయితే 22. డీసీది కొనేటప్పుడు ఖరీదు ఎక్కువైనా స్పీడ్ తగ్గించుకోవచ్చు, చప్పుడు తక్కువ, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు వస్తుంది. మోటార్ నోటికి ఒక జానెడు మెత్తటి హోస్ పైపు పెట్టి, ఆ తర్వాతే యూపీవీసీ కలపండి, కంపనం స్టాండ్‌కి ఎక్కదు. పక్కనే ఒక యూనియన్, కడగడానికి విప్పుకోవచ్చు.

ప్లగ్గులు సంప్ కన్నా ఎత్తులో, పక్కకి ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్ కన్నా కిందకి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా వదలండి, వైరు వెంట జారిన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, ప్లగ్‌లోకి వెళ్ళవు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేని లైన్ మీద అక్వేరియం పెట్టొద్దు. ఇంట్లో పిల్లలుంటే ఇది మోటార్ కన్నా ముందు కొనాల్సిన వస్తువు.

నీళ్ళు పోసి పరీక్ష

చేపలు, రాళ్ళు ఏమీ లేకుండా ఉత్త నీళ్ళతో ఒక రోజంతా నడపండి. ప్రతి జాయింట్ కింద న్యూస్ పేపర్ పరవండి, చుక్క పడినా మరక కనపడుద్ది. ట్యాంక్‌ని పెట్టె పొర్లేదాకా నింపి, సంప్‌ని మోటార్ గదిలో 18 సెంటీమీటర్ల దాకా నింపి, గేట్ వాల్వ్ పూర్తిగా తెరిచి, మోటార్ ఆన్ చెయ్యండి. మొదట పైపులో గాలి బుడబుడమని బయటికి వస్తుంది, నిమిషంలోపే శబ్దం ఒక్కసారిగా పడిపోద్ది, సైఫన్ పట్టుకుందన్నమాట. ఇప్పుడు వాల్వ్ ఎక్కువ తెరిచి ఉంది కాబట్టి పెట్టె ఖాళీ అయిపోయి మళ్ళీ గురగురమంటది. వాల్వ్‌ని కొద్దికొద్దిగా మూస్తూ రండి, ఒకసారి పావు తిప్పు, అంతే, తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగి పెట్టెలో మట్టం చూడండి. తొందరపడి తిప్పుతూ పోతే ఎప్పటికీ కుదరదు, మట్టం మెల్లగా కదులుద్ది. ఎమర్జెన్సీ పైపు నోటి మీదుగా దారం మందాన నీళ్ళు జారుతున్నప్పుడు ఆపేయండి. మర్నాడు ఇంకోసారి చూసి చిన్నగా సర్దండి.

ఇంక రెండు పరీక్షలు, ఇవి చెయ్యకుండా చేపలు వెయ్యకండి. మోటార్ ప్లగ్ పీకి, నీళ్ళు దిగడం పూర్తిగా ఆగేదాకా నిలబడి చూడండి, సంప్ గాజు మీద ఆ మట్టం దగ్గర మార్కర్‌తో గీత గియ్యండి. మళ్ళీ ఆన్ చేసి మామూలు మట్టం దగ్గర ఇంకో గీత. ఇకపై నీళ్ళు మార్చేటప్పుడు మోటార్ ఆఫ్‌లో ఉంటే పై గీత దాటి ఎప్పుడూ పొయ్యకూడదు. రెండోది, మోటార్ నడుస్తుండగా గేట్ వాల్వ్ పూర్తిగా మూసేయండి. మొత్తం నీళ్ళు ఎమర్జెన్సీలోంచి దిగాలి, పై ట్యాంక్ మట్టం అంచుకి చేరకూడదు. చేరుతోందంటే మోటార్ పెద్దదైంది, తగ్గించుకోండి. తర్వాత ప్లగ్ పీకి పెట్టి ఐదారుసార్లు చూడండి, ప్రతిసారీ సైఫన్ దానంతట అదే పట్టుకోవాలి.

మీడియా, ఎండాకాలం, కరెంట్ కోతలు

మీడియా గదిలో అడుగున ప్లాస్టిక్ జాలీ, దాని మీద సిరామిక్ రింగులో, లావా రాళ్ళో, గిన్నెలు తోమే ప్లాస్టిక్ స్క్రబ్బర్లో ఏదైనా వేసుకోండి, బ్యాక్టీరియాకి చోటు కావాలి అంతే. సబ్బు కలిపి అమ్మే స్క్రబ్బర్లు, స్టీలు పీచు మాత్రం వద్దు. సాక్ నాలుగైదు రోజులకోసారి మార్చండి, ఆస్కార్లుంటే ఇంకా ముందే. మీడియాని ఎప్పుడూ కుళాయి నీళ్ళతో కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా పోద్ది, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళల్లోనే ముంచి తియ్యండి. మొక్కల ట్యాంక్‌కి కార్బన్ డయాక్సైడ్ పెట్టేవాళ్ళకి సంప్‌లో గ్యాస్ కొంత ఎగిరిపోద్ది, వాళ్ళు సాక్ గదికి మూత పెట్టుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్ కింద ఉన్న ట్యాంక్‌లోంచి రోజుకి మూడు నాలుగు లీటర్లు ఆవిరైపోతాయి. పై ట్యాంక్‌లో తేడా కనపడదు, మొత్తం మోటార్ గదిలోనే తగ్గుద్ది, రోజుకి మూడు సెంటీమీటర్ల పైన. మూడు రోజులు ఊరెళ్తే మోటార్ గాలి లాగి కాలిపోవచ్చు. ఆర్‌ఓ వాటర్ ప్యూరిఫయర్‌లో ఉండే చిన్న ఫ్లోట్ వాల్వ్ ఇక్కడ బాగా పనికొస్తుంది, పక్కన కొంచెం ఎత్తులో 20 లీటర్ల క్యాన్ పెట్టి దానికి కలిపేయండి. ఓవర్‌హెడ్ ట్యాంక్ లైన్‌కి నేరుగా కలపొద్దు, ఫ్లోట్ ఇరుక్కుంటే క్యాన్‌లో ఉన్నవే 20 లీటర్లు, ఓవర్‌హెడ్ ట్యాంక్ అయితే వెయ్యి.

కరెంట్ గంటో రెండు గంటలో పోతే చేపలకి బ్యాటరీ ఎయిర్ పంప్ చాలు. ఆరేడు గంటలు దాటితే సంప్ సంగతి కూడా చూడాలి, మీడియా గదిలో నీళ్ళు కదలక ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుద్ది. ఇంకో ఎయిర్ స్టోన్ ఉంటే మీడియా గదిలో వెయ్యండి. వెయ్యలేకపోతే కరెంట్ రాగానే మోటార్ దానంతట అదే ఆన్ అవ్వకుండా ప్లగ్ తీసి ఉంచండి, ముందు సంప్ దగ్గర వాసన చూడండి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తే సంప్ నీళ్ళు మొత్తం తోడి పారబోసి, మీడియాని పై ట్యాంక్ నీళ్ళతో ఒకసారి ముంచి తీసి, క్లోరిన్ లేని కొత్త నీళ్ళు పై గీత దాకా నింపాకే స్విచ్ వెయ్యండి.